దిండు పక్కన నోటు: విదేశీ బసలో బక్షీసు లెక్క

సోలాపూర్ తూర్పు పేటల్లోని తెలుగు ఇళ్లలో 'బక్షీసు' అన్న మాట రెండు అర్థాలతో నడుస్తుంది. మరాఠీ బడి నుంచి వచ్చిన పిల్ల "పాటల పోటీలో నాకు బక్షీసు వచ్చింది" అంటే అది బహుమతి. నలుగురి ముందు పేరు పిలిచి, చప్పట్ల మధ్య చేతిలో పెట్టేది. అదే ఇంట్లో గ్యాస్ బండను మూడో అంతస్తుకు మోసుకొచ్చిన కుర్రాడికి తల్లి ఇరవై రూపాయలిచ్చి "బక్షీసు ఉంచుకో" అంటే అది వేరు; ఎవరూ చూడకుండా, కాస్త మొహమాటంగా చేతులు మారేది. ఆస్తిని ఉచితంగా రాసిచ్చే దస్తావేజును కూడా మరాఠీలో బక్షీసుపత్రమే అంటారు. పారసీ నుంచి వచ్చిన ఈ ఒక్క మాటలో గెలుపు, దానం, చిల్లర మూడూ ఇమిడి ఉన్నాయి. రెండు భాషల మధ్య బతికేవారికి ఏ సందర్భంలో ఏ అర్థమో ఎవరూ చెప్పనక్కర లేదు. కానీ పరాయి దేశపు హోటల్ గదిలో, బయల్దేరే రోజు పొద్దున, పర్సు తెరిచి నోటు తీయాలా వద్దా అని తటపటాయించే వేళ ఈ తెలివిడి అక్కరకు రాదు. ఆ నోటు అక్కడ ఏ అర్థం పలుకుతుందో తెలియకపోవడమే అందుకు కారణం.

ఇక్కడి తెలుగువారి విదేశీ ప్రయాణాలు ఎక్కువగా రెండు రకాలు. పుణేలో ఐటీ ఉద్యోగంలో చేరి అక్కడి నుంచి అమెరికాకో జర్మనీకో తరలిన పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు వెళ్లడం ఒకటి; టూర్ కంపెనీ వెంట బృందంగా సింగపూర్, థాయిలాండ్, ఐరోపా చుట్టి రావడం రెండోది. టిప్పుల సంగతి మొదటి రకంలో పిల్లలు, రెండో రకంలో టూర్ మేనేజర్ చూసుకుంటారన్న ధీమాతో బయల్దేరతారు. ఆ ధీమా సగమే నిజం. టూర్ ధరల పత్రంలో 'టిప్స్' అన్న వరుస సాధారణంగా బస్సు డ్రైవర్‌కూ గైడ్‌కూ రోజుకింత చొప్పున వసూలు చేసేది. గది సర్దే మనిషి లెక్క అందులో ఉండదు. ఇక ఏ దేశంలో ఎంత ఇవ్వాలో చెప్పే పట్టికలు కావలసినన్ని దొరుకుతాయి గానీ, అవి అంకె చెప్పి ఊరుకుంటాయి. రెండు డాలర్ల నోటు విలువ ఒక ఊళ్లో జీతంలో భాగమై, ఇంకో ఊళ్లో మర్యాదై, మరో ఊళ్లో ఎవరో మరిచిపోయిన సొమ్మై వెనక్కి ఎందుకు వస్తుందో ఆ పట్టికలు చెప్పవు.

నిజానికి దీన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన మాటలన్నీ సోలాపూర్ ఇంట్లోనే ఉన్నాయి. చేసిన పనికి లెక్కకట్టి ఇచ్చేది కూలి. దీపావళికి పోస్ట్‌మన్‌కూ, వాచ్‌మన్‌కూ, చెత్త బండివారికీ ఇచ్చేది పోస్తు. తెలంగాణ వైపు బంధువులు దసరాకు ఇచ్చే ఇలాంటిదాన్నే దసరా మామూలు అంటారు. పెళ్లిలో పాకీటులో (కవరులో) పెట్టి, మీద పేరు రాసి చదివించేది కట్నం, అంటే కానుక. ఆగిన కాగితం కదలడానికి బల్ల కింద నుంచి జరిపేది కూడా మామూలే. పండుగ ఇనాముకూ లంచానికీ ఒకే మాట చెల్లుతోందంటే రెంటి మధ్య గీత ఎంత పలచనో భాషకు ఎప్పుడో తెలుసన్నమాట. విదేశీ బసలో ఇచ్చే డబ్బు ఈ నాలుగింటిలో దేనికి దగ్గరో తేలితే, ఎంత అన్న ప్రశ్న దానంతటదే చిన్నదవుతుంది.

పోస్తుకూ హోటల్ టిప్పుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పోస్ట్‌మన్ రేపూ వస్తాడు, ఏడాదంతా వస్తాడు. పోస్తు ఇచ్చేవారికి ఆ సంబంధం కొనసాగుతుందన్న ఎరుక ఉంటుంది. హోటల్లో రెండు రాత్రులుండి వెళ్లిపోయే అతిథికి గది ఊడ్చిన మనిషి ముఖమైనా తెలియదు, మళ్లీ కలిసే అవకాశమూ లేదు. పని అయిపోయాక, అడిగేవారు లేనప్పుడు, తిరిగి రాని చోట డబ్బు ఎందుకిస్తారన్నది అర్థశాస్త్రజ్ఞులకు చాలాకాలంగా చిక్కుముడి. ఆ చిక్కు విప్పడానికి చరిత్రలోకి కొంచెం వెళ్లాలి.

'టిప్' అంటే 'టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్' అన్న మాటల పొడి అక్షరాలని వాట్సాప్‌లో తిరిగే కథ కల్పితం. ఆ మాట ఒకప్పటి ఇంగ్లండ్ దొంగల పరిభాషలో 'ఇవ్వు' అన్న అర్థంలో ఉండేది. ఆచారం వేళ్లు మాత్రం సత్రాల్లో కంటే బంధుమిత్రుల ఇళ్లలోనే లోతుగా కనిపిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జమీందారీ భవంతులకు అతిథిగా వెళ్లినవారు సెలవు తీసుకునేటప్పుడు నౌకర్లు వాకిట్లో వరుసగా నిలబడి చేయి చాచేవారు. ఆ ముడుపులను 'వెయిల్స్' అనేవారు. భోజనానికి పిలిచిన ఇంటి నౌకర్లకు ఇచ్చుకోలేక పిలుపులే మానుకున్నవారు ఉండేవారట. 1760 ప్రాంతంలో స్కాట్లాండ్ పెద్దలు, ఆ వెంటనే ఇంగ్లండ్ పెద్దలు ఈ ఆచారాన్ని మానిపించాలని తీర్మానిస్తే, లండన్‌లో నౌకర్లు అల్లర్లకు దిగారు. వారి కోపంలో న్యాయం లేకపోలేదు. వెయిల్స్ వస్తాయి కదా అని యజమాని జీతం తక్కువ పెట్టాడు. వెయిల్స్ తీసేస్తూ జీతం పెంచలేదు. టిప్పు గురించి నేటికీ నడుస్తున్న తగాదా అంతా ఈ ఒక్క మెలికలోనే ఉంది.

అమెరికాలో ఈ మెలిక ముడిపడింది. అంతర్యుద్ధం తరవాత ఐరోపా యాత్రలు చేసివచ్చిన సంపన్నులు ఈ అలవాటును వెంట తెచ్చుకున్నారు. అదే కాలంలో జార్జ్ పుల్‌మన్ కంపెనీ తన రాత్రి రైలు పెట్టెల్లో, నిజానికి కదిలే లాడ్జీల్లాంటి వాటిలో, పక్కలు పరచడానికీ బూట్లు తుడవడానికీ బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారిని పెట్టుకుని, తక్కువ జీతమిచ్చి, మిగతాది ప్రయాణికుల టిప్పుల మీదికి నెట్టింది. ఆ పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో సంఘం పెట్టుకుని, కంపెనీతో ఒప్పందం సాధించేసరికి 1937 వచ్చింది. ఈలోగా టిప్పు ప్రజాస్వామ్యానికి తగని రాచరికపు అలవాటని వాదించినవారూ తక్కువేం కాదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులను నిషేధిస్తూ చట్టం చేసింది, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి, 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి.

సోలాపూర్‌లో మరమగ్గాల మీదా బీడీ కార్ఖానాల్లోనూ పనిచేసే కుటుంబాలకు దీనికి తిరగబడ్డ కథ ఒకటి బాగా తెలుసు. దీపావళికి సేఠ్ దయతలచి ఇచ్చే ఇనాము ఒకప్పుడు నిజంగా ఇనామే. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం దాన్ని జీతంలో కనీసం 4 శాతంగా, తరవాతి సవరణతో 8.33 శాతంగా లెక్కకట్టి హక్కు చేసింది. అప్పటి నుంచి అది అడిగి, పోట్లాడి తీసుకునేదయింది. ఇక్కడ కానుక కూలిగా మారింది. అమెరికాలో కూలి కానుక వేషం వేసుకుంది. వేషం మారినా కడుపు నిండాల్సింది ఆ డబ్బుతోనే కాబట్టి, అక్కడ టిప్పు ఇవ్వకపోవడాన్ని పిసినారితనంగా కాక, కూలి ఎగ్గొట్టడంగా చూస్తారు.

అయితే ఒక సవరణ అవసరం. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస కూలి 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు, టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని తన జేబులోంచి గంటకు 2.13 డాలర్లిచ్చి, తక్కినది టిప్పులతో పూడిందని చూపిస్తే చాలు. ఆ 2.13 అన్న అంకె 1991 నుంచి కదల్లేదు. రాష్ట్రాల లెక్కలు వేరు. కాలిఫోర్నియా వంటి చోట్ల ఈ వెసులుబాటు అసలు లేదు. ఈ తక్కువ కూలి ప్రధానంగా రెస్టారెంట్లలో వడ్డించేవారిది. గదులు శుభ్రం చేసేవారికి సాధారణంగా పూర్తి కూలే ఇస్తారు. అందుకే భోజనం బిల్లు మీద పద్దెనిమిదో ఇరవయ్యో శాతం ఇవ్వడం తప్పనిసరి మర్యాద కాగా, గది విషయంలో శాతాల ప్రసక్తి లేదు. రాత్రికింత అన్నదే లెక్క. సామాను గది దాకా తెచ్చిన బెల్‌బాయ్‌కి సంచికి ఒకటి రెండు డాలర్లు. కారు తెచ్చి అప్పజెప్పినవాడికి రెండు నుంచి ఐదు. గది సర్దే మనిషికి రాత్రికి ఒకటి నుంచి ఐదు డాలర్లని అక్కడి హోటళ్ల సంఘమే సూచిస్తూ వచ్చింది.

వింత ఏమిటంటే, ఈ ముగ్గురిలో ఎక్కువ కష్టం ఎవరిదో వారికే తక్కువ ముడుతుంది. బెల్‌బాయ్ సామాను దించాక కర్టెన్ జరిపి, ఏసీ మీట చూపించి, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం మనిషి చేత పర్సు తీయిస్తుంది. గది సర్దే ఆమె మాత్రం అతిథి బయటికి వెళ్లాక వచ్చి, తిరిగి వచ్చేలోగా వెళ్లిపోతుంది. కనబడకపోవడమే ఆమె పనితనం. ఈ సంగతి గుర్తించి 2014 సెప్టెంబరులో మారియట్ హోటళ్లు, అమెరికా పాత్రికేయురాలు మరియా ష్రైవర్ సంస్థతో కలిసి, అమెరికా కెనడాల్లోని 1,60,000 గదుల్లో టిప్పు కవర్లు పెట్టించాయి. కవరు మీద గది సర్దిన మనిషి పేరు కూడా ఉండేది. మంచి పనే అన్నవారున్నారు. కవరు పెట్టే బదులు కూలి పెంచవచ్చు కదా అని నిలదీసినవారు అంతకంటే గట్టిగా మాట్లాడారు. రెండోవారి మాటే సరైనదిగా తోస్తుంది గానీ, ఆ రాత్రి ఆ గదిలో పడుకున్న అతిథి చేతిలో కూలి పెంచే అధికారం లేదు, ఉన్నది నోటు ఒక్కటే.

ఆ నోటు పెట్టే పద్ధతికి కూడా లెక్కుంది. బస చివర ఒకేసారి ఇవ్వకుండా ఏ రోజుకారోజు పెట్టాలి. సోమవారం దుప్పట్లు మార్చిన మనిషికి గురువారం సెలవు కావచ్చు, ఆమె పనికి వచ్చిన డబ్బు ఇంకొకరి చేతిలో పడుతుంది. దిండు కింద దూర్చకూడదు. దిండు గలేబులతో పాటు నోటు లాండ్రీలోకి పోవచ్చు, లేదా అతిథి మరిచిన సొమ్మేమోనని ఆమె ముట్టుకోకపోవచ్చు. దొంగతనం నింద పడితే ఉద్యోగం పోయే చోట ఈ జంకు సహజం. బల్ల మీదున్న హోటల్ కాగితంలో 'హౌస్‌కీపింగ్, థాంక్యూ' అని రెండు ముక్కలు రాసి, దాని మీద నోటు పెట్టి, గాలికి ఎగరకుండా గాజు గ్లాసు బోర్లిస్తే అనుమానానికి తావుండదు. ఇటీవల కొన్ని హోటళ్లు గదిలో క్యూఆర్ కోడ్ అట్ట పెడుతున్నాయి. చిల్లర లేనివారికి అది సుఖం. కరోనా తరవాత చాలా హోటళ్లు అడిగితే తప్ప రోజూ గది సర్దడం లేదు. నాలుగు రాత్రుల మురికి చివరిరోజు ఒక్క మనిషి మీద పడుతుంది కాబట్టి, అలాంటి బసలో చివరి నోటు కొంచెం పెద్దదిగా ఉండటం న్యాయం.

ఆ గది స్నానాల గదిలో నేల మీద కుప్పగా పడి ఉన్న తెల్ల తువ్వాలును ఒక్కసారి దగ్గరగా చూడవచ్చు. రెండు వైపులా పైకి లేచిన సన్నని నూలు ఉచ్చులు, నీటిని అవే పీలుస్తాయి. అంచున ఉచ్చులు లేని చదును పట్టీ. మూల మీద చిన్న గుడ్డ చీటీ. టెర్రీ నేత అంటే ఇదే. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చద్దరుకు తోడు సోలాపూర్ టెర్రీ తువ్వాలుకూ ఆ గుర్తింపు ఉంది, ఆ మగ్గాల మీద మూడు నాలుగు తరాలుగా ఉన్నవారిలో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలే ఎక్కువ. ఇంట్లో తువ్వాలు నేసి తిన్నవారు విదేశీ హోటల్లో తువ్వాళ్లు నాలుగు వాడి నేల మీద పడేసి రావడంలో కొంత ఎత్తిపొడుపు ఉంది. తడిసిన టెర్రీ బట్ట బరువెంతో చెప్పనక్కర లేనివారు వీళ్లే.

బరువు సంగతి అలా ఉంచితే, లెక్క సంగతి ఇంకా దగ్గరిది. బీడీలు చుట్టే ఆడవారికి వెయ్యి బీడీలకింత అన్నది కూలి. సరిగా లేవని కార్ఖానాలో పక్కన పడేసినవాటికి కూలి రాదు. హోటల్ గదులు సర్దేవారిది కూడా చాలా చోట్ల ఇలాంటి బతుకే: పొద్దున చేతికి గదుల జాబితా వస్తుంది, గంటకిన్ని గదులన్నది కోటా, సూపర్‌వైజర్ అద్దం మీద మరక చూపిస్తే మళ్లీ మొదటికి. పైగా ఐరోపా పెద్ద నగరాల్లో ఈ పనిని హోటళ్లు కాంట్రాక్టు కంపెనీలకు అప్పగించడం సాధారణం. పారిస్ బాతిన్యోల్ ప్రాంతంలోని ఐబిస్ హోటల్ గదులు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులు, ఎక్కువమంది ఆఫ్రికా మూలాలున్న స్త్రీలు, 2019 జులైలో సమ్మెకు దిగి 2021 మేలో ఒప్పందం సాధించేదాకా, అంటే 22 నెలలు, పట్టు వదల్లేదు. గంటకు సర్దాల్సిన గదుల సంఖ్య తగ్గడం, భోజన భత్యం రావడం వారి గెలుపులో భాగాలు. వారిలో ఒకరైన రాషెల్ కెకె 2022లో ఫ్రాన్స్ జాతీయ శాసనసభకు ఎన్నికయ్యారు. అదే ఫ్రాన్స్‌లో హోటల్, రెస్టారెంట్ ధరల్లో సర్వీసు కలిసే ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు. ఆ మాట నిజమే. కానీ కాంట్రాక్టు కంపెనీ మనిషికి హోటల్ బిల్లులోని సర్వీసు చేరుతుందన్న హామీ ఏదీ ఆ మాటలో లేదు. రాత్రికి ఒకటో రెండో యూరోలు బల్ల మీద ఉంచడం ఫ్రాన్స్‌లోనూ జర్మనీలోనూ ఎవరినీ నొప్పించదు. జర్మనీలో కనీస కూలి 2025 జనవరిలో గంటకు 12.82 యూరోలయింది కాబట్టి అక్కడ టిప్పు కూలికి బదులు కాదు, పైన చిన్న కొసరు. ఆ భాషలో దాని పేరు 'ట్రింక్‌గెల్ట్', అంటే తాగడానికిచ్చే డబ్బు. ఫ్రెంచి మాట 'పూర్‌బ్వార్' అర్థమూ అదే. రష్యనులు దాన్ని టీ డబ్బు చేశారు. మన చాయ్‌పానీ ఆ బంతిలోనే కూర్చుంటుంది.

జపాన్‌లో లెక్క తలకిందులవుతుంది. అక్కడి మామూలు హోటల్లో బల్ల మీద వెయ్యి యెన్‌లు వదిలి వెళ్తే, అతిథి సొమ్ము మరిచిపోయాడని సిబ్బంది వెంటపడి ఇచ్చే సందర్భాలు ఎక్కువ. మంచి పని చేయడం ఉద్యోగంలో భాగమైనప్పుడు దానికి వేరే వెల కట్టడం ఆ పనిని తక్కువ చేయడమని అక్కడి భావన. అయినా సంప్రదాయ సత్రాలైన ర్యోకాన్‌లలో 'కొకొరోజుకె' అనే పాత ఆచారం ఒకటి మిగిలి ఉంది. మాటకు మాటగా చెబితే మనసును జత చేయడం. గదికి తోడ్కొని వెళ్లి, తేనీరు పోసి, రాత్రి భోజనం గదిలోనే వడ్డించి, పక్క పరిచే పరిచారికను 'నకాయ్' అంటారు. ఆమె మొదటిసారి గదిలోకి వచ్చినప్పుడే, వెయ్యి నుంచి మూడు వేల యెన్‌ల దాకా కొత్త నోట్లు చిన్న అలంకారపు కవరులో పెట్టి, రెండు చేతులతో అందిస్తారు. కవరు లేకపోతే తెల్ల కాగితంలోనైనా చుట్టాలి. నోటును నోటుగా చూపించడం మోటు. పని అయ్యాక కాక పనికి ముందే ఇవ్వడం ఇందులో గమనించాల్సినది. తరవాత ఇస్తే అది వెల కట్టినట్టు, ముందు ఇస్తే నమ్మకం చూపినట్టు.

పెళ్లి పాకీటు మీద రూపాయి బిళ్ల అంటించి, నూటొక్కటో నూటపదహారో పెట్టి, పేరు రాసి అందించే ఇంటివారికి ఇది అరటిపండు ఒలిచిపెట్టినంత తేలిక. చదివింపు డబ్బును ఎవరూ కవరు లేకుండా చేతిలో పెట్టరు, పెట్టింది చాలా అని అడగరు. జపాన్ వెళ్లిన తెలుగువారు అమెరికా లెక్కను కాక సొంత పెళ్లిళ్ల లెక్కను గుర్తు చేసుకుంటే చాలు. ఆచారం కూడా ఇప్పుడు తప్పనిసరి కాదు. చాలా ర్యోకాన్‌లు సర్వీసు చార్జిని బిల్లులోనే కలిపి, కవరిస్తే మర్యాదగా వద్దంటాయి. ఒకసారి వద్దన్నాక బలవంతం చేయకూడదు. మన ఇళ్లలో మూడుసార్లు బతిమాలడం మర్యాద. అక్కడ అది ఇబ్బంది పెట్టడం.

ఆగ్నేయాసియా బిల్లుల్లో చూడాల్సింది కూడిక గుర్తులు. సింగపూర్ హోటల్ ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే, చెప్పిన ధర మీద 10 శాతం సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద 2024 నుంచి 9 శాతంగా ఉన్న జీఎస్టీ పడతాయని అర్థం. థాయిలాండ్‌లో 10 శాతం సర్వీసు, 7 శాతం వ్యాట్. ఇలా బిల్లులోనే పడ్డ చోట మళ్లీ టిప్పు ఇవ్వనక్కర లేదు. థాయిలాండ్‌లో సామాను మోసినవారికీ గది సర్దినవారికీ ఇరవై నుంచి యాభై బాత్‌లు ఇవ్వడం అలవాటుగా ఉన్నా, ఇవ్వకపోతే ఎవరూ ముఖం ముడుచుకోరు. దుబాయ్‌లో బిల్లు మరీ పొడవు: సర్వీసు చార్జి, మున్సిపాలిటీ రుసుము, వ్యాట్, వీటికి తోడు 2014 నుంచి హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల టూరిజం దిర్హమ్. ఈ చివరిది హోటల్ కౌంటర్లో విడిగా అడుగుతారు కాబట్టి టిప్పు అడుగుతున్నారని గొడవపడేవారున్నారు. అది ప్రభుత్వానికి చేరే పన్ను. ఇటలీ, ఫ్రాన్స్ నగరాల్లో మనిషికి రాత్రికింత అని తీసుకునే నగర పన్ను కూడా ఇదే జాతి. ఫ్రాన్స్‌లో దానికి 1910 నాటి చట్టం మూలం. పన్ను విషయంలో బేరమాడకూడదు, టిప్పు విషయంలో ఎవరూ రసీదు ఇవ్వరు. రెండింటినీ విడదీయడానికి ఈ గుర్తు చాలు.

ఈజిప్టులో మాత్రం సోలాపూర్ తెలుగువారికి మాటే చుట్టమై ఎదురవుతుంది. అక్కడా దాన్ని బక్షీష్ అనే అంటారు, తలుపు తీసినా తువ్వాలు అందించినా ఆ మాట వినిపిస్తుంది. చిన్న నోట్లు జేబులో ఉంచుకుని, విసుక్కోకుండా ఇస్తూ పోవడం తప్ప అక్కడ వేరే శాస్త్రం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ కొరియాల్లో బస వరకు ఇవ్వకపోయినా లోటు లేదు.

సర్వీసు చార్జి అన్నది పడిన చోట అది పనివారి దాకా వెళ్తుందా అన్న అనుమానం మిగులుతుంది. బ్రిటన్‌లో టిప్పులు, సర్వీసు చార్జీలు రెండింటినీ యజమాని ఏ కోతా లేకుండా పనివారికి న్యాయంగా పంచాలన్న చట్టం 2023లో వచ్చి, 2024 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. మన దేశంలో వాదన వేరే దారిలో నడిచింది. బిల్లులో సర్వీసు చార్జిని దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బ్రిటన్ చట్టం పనివాడి వైపు నుంచి, మన ఆదేశం గిరాకీ వైపు నుంచి ఆలోచించాయి. ఇక్కడ "సర్వీసు చార్జి తీసేయండి" అని అడగడం నేర్చుకున్నవారు సింగపూర్‌లో కూడా అదే అడిగి భంగపడుతుంటారు. అక్కడ అది ధరలో భాగం.

ఇక నాలుగో మాట, మామూలు. లాస్ వేగాస్ హోటళ్లలో చెక్ ఇన్ వేళ గుర్తింపు కార్డుకూ క్రెడిట్ కార్డుకూ మధ్య ఇరవై డాలర్ల నోటు మడిచి పెట్టి, మంచి గది ఏమైనా ఉందా అని అడిగే ఉపాయం ప్రయాణికుల మధ్య బాగా ప్రచారంలో ఉంది. దాన్ని టిప్పు అనడం మాటల గారడీ. పని అయ్యాక మెప్పుగా ఇచ్చేదానికీ, ఇంకొకరికి దక్కాల్సిన గదిని తన వైపు తిప్పుకోవడానికి ముందే ఇచ్చేదానికీ తేడా ఏమిటో ఏ తహసీల్ కచేరీ గుమ్మం తొక్కినవారికైనా తెలుసు. ర్యోకాన్ కవరు కూడా ముందే ఇస్తారు కదా అనవచ్చు. ఆ కవరు ఏమీ అడగదు, ఈ మడత అడుగుతుంది.

ఇవ్వకూడని చోట్లు ఇంకో రెండున్నాయి. యజమాని దంపతులే నడిపే చిన్న బసలో వారి చేతిలో టిప్పు పెట్టడం పలకరింపును కొన్నట్టుంటుంది. పండర్‌పూర్‌లో తెలిసినవారి ఇంట్లో ఏకాదశికి బస చేసి, వెళ్తూ గదికి అద్దె లెక్కకడితే ఎలా ఉంటుందో అలా. ఎయిర్‌బీఎన్‌బీ వంటి వాటిలో శుభ్రత రుసుము ముందే బిల్లులో పడుతుంది కాబట్టి గిన్నెలు కడిగి, చెత్త బయట పెట్టి రావడమే అక్కడి మర్యాద. అది నోటు కంటే ఎక్కువ గుర్తుంటుంది.

మిగిలింది చిల్లర. ఫారెక్స్ కౌంటర్లో అడగకపోతే యాభై, వంద డాలర్ల నోట్లే చేతిలో పెడతారు; వాటితో రాత్రికి రెండు డాలర్లు పెట్టడం కుదరదు, రెండు డాలర్లంటే నూట డెబ్బై రూపాయల పైమాటే అని లెక్కకట్టుకుంటూ కూర్చుంటే అసలే కుదరదు. ఒక డాలర్ నోట్లు పాతికైనా, ఐదువి నాలుగైనా ముందే అడిగి తీసుకోవాలి. అక్కడ లేవంటే దిగిన విమానాశ్రయంలో ఒక నీళ్ల సీసా కొని ఇరవై నోటు విడిపించుకోవాలి. విదేశీ నాణేలను ఇక్కడ ఎవరూ మార్చరని, ఉన్న నాణేలన్నీ చివరిరోజు గదిలో గుమ్మరించి రావడం కొందరికి అలవాటు. ఒకటి, రెండు యూరోల నాణేలు విలువైనవే కాబట్టి అక్కడ పరవాలేదు. అమెరికాలో పైసల్లాంటి సెంట్లు కుప్పపోసి వస్తే, వాటిని ఏరి చెత్తబుట్ట పక్కన పెట్టే పని కూడా ఆమెదే అవుతుంది.